షాడో బాక్స్

షాడో బాక్స్ అనగా లోతైన చెక్క చట్రానికి ముందువైపు గాజు, వెనుకవైపు పలుచని పలక బిగించి, లోపల వస్తువులను కనిపించేలా అమర్చి గోడకు తగిలించే పెట్టె. మామూలు ఫోటో ఫ్రేములో కాగితం గాజుకు ఆనుకొని ఉంటుంది. షాడో బాక్సులో గాజుకు, వెనుక పలకకు మధ్య కొన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పతకాలు, పనిముట్లు, గవ్వలు, బట్ట ముక్కలు వంటి మందం గల వస్తువులను నిలుపుతారు. వెలుతురు పడినప్పుడు వస్తువు నీడ వెనుక పలక మీద పడటం వలన దీనికి ఈ పేరు వచ్చింది. వడ్రంగం కొత్తగా నేర్చుకొనేవారికి ఇది అనువైన పని. నాలుగు పలకలు కొలిచి కోయడం, మూలలు సరిచూడడం, అతకడం, నునుపు చేయడం అనే మౌలికమైన పనులన్నీ ఇందులో ఉన్నాయి. పెట్టె చిన్నది కావడంతో పొరపాటు జరిగినా పోయేది రెండడుగుల చెక్క మాత్రమే.

ఈ వ్యాసంలో కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల పరిస్థితులకు తగినట్లుగా, చేనేత మగ్గపు నాడెను భద్రపరచడానికి ఒక పెట్టెను తయారుచేసే విధానం వివరించబడింది.

పేరు

తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ఫ్రేముల దుకాణాలలో షాడో బాక్స్ అని గాని, డీప్ ఫ్రేము అని గాని అంటారు. మాటకు మాటగా నీడ పెట్టె అంటే అర్థం కాకపోగా, తోలుబొమ్మలాటకు సంబంధించినదేమో అనే భ్రమ కలుగుతుంది. గాజు పెట్టె, అద్దాల పెట్టె అనేవి వాడుకలో ఉన్నా అవి దుకాణాలలో మిఠాయిలు ఉంచే పెట్టెలకు కూడా వర్తిస్తాయి.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. రాయలసీమలోని పాత రాతి ఇళ్లలో గోడ మందంలోనే దీపానికి, దేవుని పటానికి, చిన్న చిన్న సామానుకు గూళ్లు వదిలేవారు. గూటికి గాజు బిగించి, దానిని గోడ నుండి ఊడదీస్తే షాడో బాక్స్ అవుతుంది.

చరిత్ర

పంతొమ్మిదవ శతాబ్దంలో కరీబియన్ సముద్రంలోని బార్బడోస్ దీవిలో గవ్వలను రంగుల ప్రకారం పేర్చి, ఎనిమిది పలకల చెక్క పెట్టెలో గాజు కింద అమర్చి నావికులకు అమ్మేవారు. నావికులే తీరిక వేళల్లో వీటిని చేసేవారని చాలాకాలం నమ్మారు గాని, అవి దీవిలో తయారై అమ్ముడైన వస్తువులని తరువాత తేలింది. అమెరికా నౌకాదళంలో పదవీ విరమణ చేసేవారికి వారి పతకాలు, చిహ్నాలు అమర్చిన షాడో బాక్సును బహూకరించే ఆచారం ఉంది. నావికుడి కంటే ముందు అతని నీడ ఒడ్డును తాకితే అశుభమని, అందుకే ఆ నీడను పెట్టెలో దాచి ఇస్తారని ఒక కథ చెబుతారు. ఆచారానికి తరువాత అల్లిన కథగానే దీనిని చూడవచ్చు.

ఈ పెట్టెను కళారూపంగా మార్చినవారు న్యూయార్కుకు చెందిన జోసెఫ్ కార్నెల్ (1903–1972). ఈయన చిత్రకళను ఏ పాఠశాలలోనూ నేర్వలేదు. పాత వస్తువుల అంగళ్లలో దొరికిన పటాలు, గాజు గ్లాసులు, పొగాకు గొట్టాలు వంటివాటిని పెట్టెలలో అమర్చి, 1936 నుండి వాటినే తన కళగా చేసుకున్నారు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. నల్లరేగడి నేలల పత్తి, దాని చుట్టూ పెరిగిన జిన్నింగు మిల్లులు, బట్టల వ్యాపారం ఆదోనికి పేరు తెచ్చాయి. ఎమ్మిగనూరు పేరు చేనేతతో ముడిపడి ఉంది. పద్మశ్రీ పురస్కార గ్రహీత మాచాని సోమప్ప చొరవతో 1938లో ఇక్కడ ఏర్పడిన చేనేత సహకార సంఘం దుప్పట్లు, తువ్వాళ్లు, పరదా బట్టలకు ప్రసిద్ధి పొందింది. పరిసర గ్రామాలలో గద్వాల రకం చీరలు కూడా నేస్తారు.

మరమగ్గాల పోటీ వలన అనేక ఇళ్లలో గుంట మగ్గాలు ఆగిపోయాయి. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసినా ఈ తగ్గుదల ఆగలేదు. మగ్గం విప్పిన తరువాత పెద్ద కలప అమ్ముడుపోతుంది లేదా ఇంటి పనులకు ఉపయోగపడుతుంది. నాడె, కండెలు, వెదురు పన్నె వంటి చిన్న సామాను మాత్రం కొంతకాలం అటక మీద ఉండి, చివరకు పొయ్యిలోకి పోతుంది. ముప్పై నలభై ఏళ్లు ఒకే చేతిలో ఆడిన నాడెకు, పట్టుకొనే చోట వేళ్ల రాపిడితో వచ్చిన నునుపు ఉంటుంది. అది ఏ పాలిష్‌తోనూ రాదు, ఒకసారి పోతే మళ్లీ దొరకదు. అటువంటి వస్తువును ఇంటిలోనే భద్రపరచుకొనేందుకు షాడో బాక్స్ చవకైన మార్గం. 2015 నుండి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నందున పాఠశాలల ప్రదర్శనలకు కూడా ఇటువంటి పెట్టెలు ఉపయోగపడతాయి.

పన్నె పొడవు బట్ట పన్నా కంటే తక్కువ ఉండదు గనుక చిన్న పెట్టెలో పట్టదు. నాడె, రెండు కండెలు, ఆ మగ్గం మీద నేసిన చివరి బట్ట ముక్క మాత్రం చక్కగా పడతాయి. నాడెలో రెండు రకాలు ఉన్నాయి. చేతితో విసిరేది చిన్నది, తేలికైనది. తాడు లాగితే అటూ ఇటూ పరుగెత్తేది పొడవైనది, రెండు కొసలకు లోహపు మొనలు ఉంటాయి. ఈ రెండవ విధానాన్ని 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టారు. పెట్టె కొలతలు నిర్ణయించే ముందు ఇంట్లో ఉన్నది ఏ రకమో చూసి కొలవాలి.

కలప

జిల్లా పడమటి భాగంలో అడవి తక్కువ. నల్లమల అడవి తూర్పున ఉంది, 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన తరువాత అందులో అధికభాగం నంద్యాల జిల్లాకు చెందింది. కనుక టింబరు డిపోలలో దొరికేది బయటి నుండి వచ్చిన కలపే.

టేకు వంకర పోదు, చెద పట్టదు, ఉలికి సులువుగా లొంగుతుంది. ధర ఒక్కటే ఇబ్బంది. వేప స్థానికంగా దొరుకుతుంది, పురుగు పట్టడం తక్కువ. అయితే పచ్చిగా ఉన్న వేప పలక ఎండే కొద్దీ మెలి తిరుగుతుంది. తుమ్మ చాలా గట్టిది, బండి చక్రాలకు, నాగళ్లకు తగినది. కొత్తవారి రంపానికి అది పరీక్ష అవుతుంది కనుక ఈ పనికి వద్దు. ఎర్రచందనం నరకడం, రవాణా చట్టరీత్యా నియంత్రించబడ్డాయి, సరైన పత్రాలు లేని ముక్కను తీసుకోరాదు.

అన్నింటికంటే మంచిది పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చే తలుపు చెక్క. అది దశాబ్దాలుగా ఇంట్లోనే ఆరి ఉంటుంది, ఇక మెలి తిరిగే అవకాశం తక్కువ, కొత్త టేకు కంటే చవకగా వస్తుంది. కోసే ముందు అయస్కాంతంతో తడిమి లోపల విరిగి ఉన్న మేకులు ఉన్నాయేమో చూడాలి. ఒక్క మేకు రంపం పళ్లన్నిటినీ పాడుచేస్తుంది.

చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుపోతుంది. ఈ మార్పు పొడవులో దాదాపు ఉండదు, వెడల్పులో ఉంటుంది. ఆదోనిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి గాలి బాగా పొడిగా ఉంటుంది, ఆగస్టు, సెప్టెంబరులలో తేమ పెరుగుతుంది. 75 మి.మీ. వెడల్పు గల టేకు పలకలో ఈ రెండు కాలాల మధ్య తేడా అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరు వరకు రావచ్చు. వినడానికి ఇది చిన్నదే. అయితే లోపల గాజును బిగుతుగా నొక్కిపెట్టి ఉంటే, వానాకాలంలో చేసిన పెట్టె ఎండాకాలంలో కుంచించుకొన్నప్పుడు ఆ ఒక్క మిల్లీమీటరే గాజును పగలగొడుతుంది.

కొలతలు

లోపలి కొలత 400 మి.మీ. పొడవు, 300 మి.మీ. ఎత్తు ఉండే పెట్టెను ఇక్కడ ఉదాహరణగా తీసుకొన్నారు. సుమారు 34 సెం.మీ. పొడవున్న నాడె ఇందులో అడ్డంగా పడుతుంది. ఈ కొలతకు మరొక సౌకర్యం ఉంది. పునాది గీసేటప్పుడు మేస్త్రీలు వాడే మూడు, నాలుగు, అయిదు లెక్క ప్రకారం 300, 400 భుజాలుగా గల చతురస్రాకార మూల నిజంగా 90 డిగ్రీలైతే కర్ణం సరిగ్గా 500 మి.మీ. వస్తుంది. అంటే మూలమట్టం లేకపోయినా టేపుతో మూలలను సరిచూడవచ్చు.

పలక 15 మి.మీ. మందం, 75 మి.మీ. వెడల్పు ఉండాలి. పై పలక, కింది పలక 430 మి.మీ. చొప్పున, పక్క పలకలు 300 మి.మీ. చొప్పున కోయాలి. పక్క పలకలు పై, కింది పలకల నడుమ కూర్చుంటాయి గనుక రెండు వైపులా 15 మి.మీ. చొప్పున కలిపి 430 అయింది. మొత్తం 1460 మి.మీ. రంపపు కోతకు, చెడిపోయిన కొసలకు వదిలిపెట్టినా ఆరడుగుల పలక ఒకటి చాలు.

గాజు మందం 4 మి.మీ., కొలత 397 × 297 మి.మీ. దానిని ముందు నుండి ఆపేందుకు 10 × 10 మి.మీ. బీడింగు కావాలి: 400 మి.మీ. ముక్కలు రెండు, 280 మి.మీ. ముక్కలు రెండు. వెనుక పలకకు 6 మి.మీ. ప్లైవుడ్ 426 × 326 మి.మీ. అదే ప్లైవుడ్ నుండి 60 మి.మీ. వెడల్పు గల పట్టీలు నాలుగు తీయాలి: 400 మి.మీ. పొడవువి రెండు, 288 మి.మీ. పొడవువి రెండు. ఇవి పెట్టె లోపలి గోడలకు ఆనుకొని, గాజు వెనక్కి జారకుండా ఆపుతాయి. వీటిని ఈ వ్యాసంలో ఆపుడు పట్టీలు అని పేర్కొనడమైనది.

లోతు లెక్క ఇలా ఉంటుంది. పలక వెడల్పు 75. అందులో బీడింగుకు 10, గాజుకు 4 పోతే మిగిలేది 61. ఆపుడు పట్టీ 60. మిగిలిన ఆ ఒక్క మిల్లీమీటరు పైన చెప్పిన కుదింపుకు వదిలినదే. పట్టీ మందం 6, బీడింగు వెడల్పు 10 అయినందున ముందు నుండి చూసేవారికి పట్టీ అంచు కనబడదు.

కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే ఉంచుకోవడం మేలు. డిపోలో కలపను అంగుళాలలో, ఘనపుటడుగులలో అమ్ముతారు, గాజు దుకాణంలో మిల్లీమీటర్లు అంటారు. టేపుకు రెండు వైపులా రెండు కొలతలూ ఉంటాయి. ఒక పలక ఒక వైపు చూసి, మరొకటి రెండవ వైపు చూసి గీసుకొన్న పెట్టెలు కొత్తవారి చేతిలో తరచుగా తయారవుతుంటాయి.

పనిముట్లు

సన్నని పళ్ల రంపం, చిత్రిక, అర అంగుళం ఉలి, సుత్తి, మూలమట్టం, టేపు, చేతి డ్రిల్లు, స్క్రూడ్రైవరు, 120 మరియు 220 నంబరు ఉప్పుకాగితం, ఫెవికాల్ వంటి తెల్ల బంక ఉంటే చాలు. అతుకులు పట్టి ఉంచే ఇనుప బిగింపులు లేకపోతే నూలు తాడు సరిపోతుంది. పలకను చిత్రిక పట్టించి, కావలసిన మందానికి తెప్పించుకోవడం కోత మిల్లులో కొద్ది నిమిషాల పని. మొదటిసారి చేసేవారు అలా తెప్పించుకొని, కోయడం, అతకడం మీద దృష్టి పెట్టవచ్చు.

తయారుచేయు విధానం

ముందుగా ఒక పక్క పలకను మూలమట్టంతో గీసి కోస్తారు. రెండవ పక్క పలకకు టేపు వాడరాదు. మొదటి పలకనే దాని మీద ఆనించి గీత గీయాలి. పై, కింది పలకలకు కూడా ఇదే పద్ధతి. పెట్టె మూలలు సరిగా రావడానికి ఎదురెదురు పలకలు సమానంగా ఉండడం ముఖ్యం, అవి చెప్పిన కొలతకు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా నష్టం లేదు. రంపాన్ని గీత మీద కాక, పనికిరాని వైపున గీతకు ఆనించి నడపాలి. జతగా ఉండవలసిన రెండు పలకలను కలిపి నిలబెట్టి, పై అంచు మీద వేలు పోనిస్తే హెచ్చుతగ్గు తెలుస్తుంది.

45 డిగ్రీల కోతతో కలిపిన మూలలు చూడడానికి బాగుంటాయి గాని, ఒక్క డిగ్రీ తేడా వచ్చినా సందు కనబడుతుంది. మొదటి పెట్టెకు ఒక పలక కొసను రెండవ పలకకు నేరుగా ఆనించే అతుకే తగినది. ఈ అతుకులో ఒక బలహీనత ఉంది: పలక కొస గొట్టాల కట్టలా బంకను పీల్చుకొంటుంది, అతుకు మధ్య ఏమీ మిగలదు. అందువలన కొసలకు ముందు పలుచగా బంక రాసి, అయిదు నిమిషాలు ఆగి, రెండవసారి రాయాలి. బంక మీదనే ఆధారపడక ప్రతి మూలకు రెండు స్క్రూలు కూడా వేయాలి. ఒకటిన్నర అంగుళం స్క్రూ 15 మి.మీ. పలక దాటి పక్క పలకలోకి సుమారు 23 మి.మీ. దిగుతుంది. ముందుగా 2.5 మి.మీ. బెజ్జం వేయకపోతే పలక చీలుతుంది. పాత టేకులో ఇది తప్పనిసరి.

నాలుగు పలకలు కూర్చి, స్క్రూలను పూర్తిగా బిగించక ముందే లోపలి కర్ణాలు రెండూ కొలవాలి. రెండూ 500 మి.మీ. ఉంటే పెట్టె సరిగా ఉన్నట్లు. ఒకటి 502, మరొకటి 498 ఉంటే పొడవైన కర్ణం గల రెండు మూలలను చేతులతో లోపలికి నొక్కితే సర్దుకొంటుంది. తరువాత స్క్రూలు బిగించి, పెట్టె చుట్టూ తాడు రెండు వరుసలు చుట్టి, తాడులో పుల్ల దూర్చి మెలివేయాలి. మూలల వద్ద తాడు కింద మడిచిన గుడ్డ పెట్టకపోతే చెక్క మీద గాటు పడుతుంది. మెలివేసిన తరువాత కర్ణాలు మరొకసారి కొలవాలి, చాలా పెట్టెలు వంకర పోయేది ఇక్కడే. బయటికి వచ్చిన బంకను తడిగుడ్డతో వెంటనే తుడవాలి, ఎండిన బంక మీద పాలిష్ పట్టదు. ఒక రోజు కదపకుండా ఉంచాలి. మే నెల ఎండలో పని చేసేవారు బంకను ఒక్కొక్క మూలకు మాత్రమే రాసుకొంటూ పోవాలి, నాలుగు మూలలకూ ఒకేసారి రాస్తే కూర్చేలోపే పైపొర కడుతుంది.

బంక ఆరిన తరువాత బీడింగు ముక్కలను ముందు అంచుకు సమానంగా, లోపలి వైపు అతకాలి. ఇవి కదిలే అవసరం లేదు, బంకతో పాటు సన్నని మేకులు వేయవచ్చు. ఆపైన పెట్టెను 120, తరువాత 220 ఉప్పుకాగితంతో చెక్క నార వెంబడి రుద్దాలి. అడ్డంగా రుద్దితే అప్పుడు కనబడని గీతలు పాలిష్ పడగానే బయటపడతాయి. వార్నిష్ గాని, ఫ్రెంచి పాలిష్ గాని బయటి వైపు మాత్రమే వేయాలి. పూత ఆరినట్లు కనబడినా దాని వాసన కొన్ని రోజులు వస్తూనే ఉంటుంది. ఆ ఆవిర్లు మూసిన పెట్టెలో బట్టను, లోహాన్ని పాడుచేస్తాయి కనుక వాసన పూర్తిగా పోయేవరకు, కనీసం రెండు వారాలు, పెట్టెను తెరిచి ఉంచాలి.

గాజును దుకాణంలోనే కోయించి, అంచులు రాయించుకోవాలి. పెట్టె పూర్తయ్యాక దాని లోపలి కొలత చూసి, 3 మి.మీ. తగ్గించి చెప్పాలి, కాగితం మీది కొలతతో ముందుగానే కోయించరాదు. గాజు బదులు ఆక్రిలిక్ పలక వాడితే బరువు సగం కంటే తగ్గుతుంది, పిల్లలున్న చోట పగిలే భయం ఉండదు. అయితే తుడిచినప్పుడల్లా అది దుమ్మును, నూలు పీచును తనవైపు లాక్కొంటుంది. జిన్నింగు మిల్లుల పరిసరాలలో ఇది చిన్న లోపం కాదు.

గాజును రెండు వైపులా శుభ్రపరచి బీడింగు మీద పరచి, దాని వెనుక ముందు 400 మి.మీ. ఆపుడు పట్టీలు, తరువాత 288 మి.మీ. పట్టీలు నిలబెట్టాలి. వీటికి బంక రాయరాదు. పట్టీకి రెండు చొప్పున 12 మి.మీ. స్క్రూలు వేస్తే, ఎప్పుడైనా గాజు పగిలినప్పుడు విప్పి మార్చుకోవచ్చు.

వస్తువులను అమర్చడం

వెనుక పలకకు ముందు 386 × 286 మి.మీ. అట్టను కోసి దానికి కోరా గుడ్డ చుట్టాలి. మగ్గం మీద నుండి వచ్చిన గుడ్డలో గంజి ఉంటుంది. నేతకు ముందు పడుగు నూలుకు బలం కోసం పట్టించే ఈ గంజి వెండిపురుగులకు, బొద్దింకలకు ఆహారం. గుడ్డను రెండుసార్లు వేడినీటిలో ఉతికి, గంజి పెట్టకుండా ఆరబెట్టి, ఆ తరువాతే వాడాలి. లోపల ఉంచే పాత బట్ట ముక్కకు మాత్రం ఈ నియమం పాటించరాదు. రంగు దిగే అవకాశం ఉన్న పాత నేతను ఉతకకుండా, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

నాడెను, కండెలను మేకులతో కొట్టడం, బంకతో అతకడం పొరపాటు. మళ్లీ తీయవలసి వస్తే వస్తువు మీద మచ్చ మిగులుతుంది. తెల్లని నూలు దారంతో రెండు చోట్ల ఉచ్చులా వేసి, అట్టలోని బెజ్జాల గుండా వెనక్కి లాగి ముడివేయాలి. నాడె బరువైనది గనుక దాని దారాలు అట్టతో పాటు ప్లైవుడ్‌లోని 2 మి.మీ. బెజ్జాల గుండా కూడా పోవాలి. అట్టను ప్లైవుడ్ మధ్యలో, నాలుగు వైపులా 20 మి.మీ. అంచు వదిలి ఉంచితే అది ఆపుడు పట్టీల నడుమ సరిగ్గా కూర్చుంటుంది. అట్ట, గుడ్డ మందం పోగా గాజు వరకు సుమారు 57 మి.మీ. మిగులుతుంది. 45 మి.మీ. కంటే ఎక్కువ మందం గల వస్తువును ఇందులో పెట్టరాదు, గాజును తాకే వస్తువు వెనుక తేమ చేరుతుంది.

నాడె మొనలకు తుప్పు ఉంటే పొడి గుడ్డతో తుడిచి వదిలేయాలి. ఉప్పుకాగితంతో మెరిపించి, కొత్తగా వార్నిష్ వేసిన నాడెలు ప్రదర్శనలలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. వేళ్ల నునుపును చెరిపి మెరుపు తెచ్చినప్పుడు అది దుకాణంలో కొన్న వస్తువు కంటే భిన్నంగా ఉండదు. నాఫ్తలీన్ ఉండలు, వేపాకు పెట్టెలో వేయడం కూడా మంచిది కాదు. మొదటిదాని ఆవిరి మూసిన పెట్టెలో నిలిచిపోతుంది, రెండవది ఎండి పొడి అయి తానే పురుగులను పిలుస్తుంది.

ఏ వస్తువు ఎవరిది, ఏ ఊరిది, ఎంతకాలం వాడారు అనే వివరం కాగితం మీద పెన్సిలుతో రాసి వెనుక పలక లోపలి వైపు ఉంచాలి. సిరా రాత కాలక్రమేణా వెలిసిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. చివరగా ప్లైవుడ్‌ను చట్రం వెనుక అంచు మీద పరచి, ఎనిమిది ముప్పావు అంగుళం స్క్రూలతో బిగించాలి. స్క్రూ ప్లైవుడ్ అంచుకు 5 మి.మీ. లోపల పడితే పలక మందం మధ్యలోకి దిగుతుంది. ప్లైవుడ్ చుట్టూ కాగితపు టేపు అంటిస్తే దుమ్ము, చీమలు చేరవు.

తగిలించే చోటు

పెట్టె బరువు గాజుకు సుమారు 1.2 కిలోలు, టేకు చట్రానికి ఒక కిలో, ప్లైవుడ్ కలిపి మూడు కిలోలు దాటుతుంది. రాయి, మట్టితో కట్టిన గోడలో మామూలు మేకు ఈ బరువును ఎక్కువకాలం మోయదు. రాళ్ల సందులో చెక్క దిమ్మ దిగగొట్టి, దానికి స్క్రూ వేయాలి. సిమెంటు గోడకు డ్రిల్లుతో బెజ్జం చేసి ప్లాస్టిక్ ప్లగ్గు వాడతారు. కొక్కేలను ప్లైవుడ్‌కు మాత్రమే బిగించకుండా, స్క్రూ పక్క పలకల అంచులోకి దిగేలా చూడాలి. ఇంటిలో వాడని గూడు ఉంటే పెట్టెను అందులో నిలబెట్టడం అన్నిటికంటే సులువు.

ఎండ తగిలే గోడ పనికిరాదు. మామూలు గాజు అతినీలలోహిత కిరణాలలో కొంతభాగాన్ని మాత్రమే ఆపుతుంది, రంగు నూలు వెలిసిపోవడం కొద్ది నెలలలోనే మొదలవుతుంది. మ్యూజియములలో బట్టల మీద వెలుతురు 50 లక్సులకు మించకుండా చూస్తారు. పగటిపూట కిటికీ పక్కన ఉండే వెలుతురు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. మట్టి మిద్దె ఇళ్లలో వాన నీరు దిగే గోడను, వంటింటి గోడను వదిలివేయాలి. తుంగభద్ర ఒడ్డు గ్రామాలలో మరొక జాగ్రత్త కూడా అవసరం. 2009 అక్టోబరు వరదలో మంత్రాలయం, కర్నూలు మునిగినప్పుడు గోడ మీది పటాలు సైతం నీటిలో తడిసాయి. అటువంటి చోట పెట్టెను ఎంత ఎత్తున తగిలిస్తే అంత మంచిది, అవసరమైనప్పుడు కొక్కెం నుండి ఒక్కరే దించగలిగేలా ఉండాలి.

సాధారణంగా వచ్చే లోపాలు

గాజు గడగడలాడితే ఆపుడు పట్టీ వెడల్పు తగ్గినట్లు. పట్టీని మార్చనక్కరలేదు, గాజుకు పట్టీకి మధ్య మెత్తని అట్ట చీలిక ఉంచితే చాలు. గాజు లోపలి వైపు వానాకాలంలో మసక పడితే చెక్క సరిగా ఆరలేదని గాని, గోడ తడిగా ఉందని గాని అర్థం. పెట్టెను దించి, వెనుక పలక విప్పి, రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. పెట్టె కింద సన్నని పొడి రాలితే కలపలో పురుగు ఉన్నట్లు, వస్తువులను వెంటనే బయటికి తీయాలి. మూలల వద్ద సన్నని సందు ఏర్పడితే రంపపు పొడిని బంకతో కలిపి నింపవచ్చు, గీరినప్పుడు అదే చెక్క రంగులో కలిసిపోతుంది.

వానలు తగ్గిన తరువాత, దసరా ఇల్లు దులపడం సమయంలో, ఏడాదికి ఒకసారి వెనుక స్క్రూలు విప్పి దారాలు, గుడ్డ చూడడం మంచిది. సడలిన దారాన్ని అప్పుడే మార్చాలి.

ఇవి కూడా చూడండి: ఆదోని, ఎమ్మిగనూరు, చేనేత, గుంట మగ్గం, వడ్రంగం, టేకు